వంకల బుజ్జమ్మ

మా యారాలు బుజ్జమ్మ ఏ పనికీ వంక చెప్పిన మనిషి కాదు. ఒళ్ళు కాలిపోయే జ్వరంలో కూడా కొంగు నడుముకు చుట్టి పత్తి ఏరింది. అయినా మా ఊళ్ళో ఆమె పేరు వంకల బుజ్జమ్మ. ఊళ్ళో ఇంకో బుజ్జమ్మ లేదు కాబట్టి, ఇది గుర్తుకోసం పెట్టిన పేరు కూడా కాదు. మా అత్త పెట్టింది. మా అత్త పోయి చాలా ఏళ్ళయింది గానీ, ఆమె పెట్టిన పేర్లన్నీ ఆరోగ్యంగానే ఉన్నాయి.

యారాలు అంటే తోటికోడలు. ఆ ఇంటికి బుజ్జమ్మ పెద్ద కోడలు, నేను చిన్న కోడలిని. నా పేరు రేణుక. నేను పుట్టిందీ ఆ ఊరే, మెట్టిందీ ఆ ఊరే, నాగర్‌కర్నూల్ పక్కన. నా గురించి ఊరందరికీ చిన్నప్పటి నుంచి తెలిసిందే చాలని, మా అత్త నాకు వేరే పేరేమీ పెట్టలేదు.

బుజ్జమ్మ పుట్టిల్లు గట్టు దాటి ఇంకా పోవాలి. కర్ణాటక బస్సు హారన్ కొడితే వినపడేంత అంచున ఉంటుంది. అంత దూరం నుంచి మా ఊరికి కోడలిగా వచ్చిన మనిషి అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గర ఇద్దరు ముసలాళ్ళు ఒకే చాప మీద అన్నం తిని, చెయ్యి కడుక్కునేలోపు ఆ సంబంధం కుదిర్చారట. పెళ్ళికొడుకు బక్కయ్యకు, అంటే మా బావకు, ఈ సంగతి మూడో రోజున తెలిసింది.

ఇక మాట సంగతి చెప్పాలి. వాగు అంటే అందరికీ తెలుసు. ఆ వాగులోకి చేలల్లోంచి, గుట్టల మీది నుంచి వచ్చి కలిసే చిన్నవి ఉంటాయి. వాన పడితే పారతాయి, వెలిస్తే ఇసుక మిగులుతుంది. అట్లాంటి దాన్ని మేము ఒర్రె అంటాం. ఒర్రె కాకపోతే దాన్ని ఇంకేమంటారని నాకెప్పుడూ అనుమానం కూడా రాలేదు. బుజ్జమ్మ వాళ్ళ ఊళ్ళో దాన్నే వంక అంటారు. ఇంకొంచెం అవతల కన్నడం వాళ్ళు హళ్ళ అంటారు, వాళ్ళ జోలికి నేను పోను. వంక అనే మాట మా దగ్గరా ఉంది, కానీ అందులో నీళ్ళు లేవు. మా దగ్గర వంక అంటే సాకు. పని ఎగ్గొట్టేవాడు చెప్పేది, సంబంధం వద్దనుకున్నవాడు పిల్లకు పెట్టేది.

కొత్త కోడలు వచ్చిన మొదటి వారమే బట్టల మూట నెత్తిన పెట్టుకుని వాకిట్లో నిలబడింది.

"అత్తా, వంకకు పోయొస్త" అంది.

మా అత్త బియ్యం చెరగడం ఆపింది. "ఏం వంకనే?"

"గా వంకనే. బట్టలు పిండుకొస్త."

"బట్టల వంక పెట్టి యాడికి పోతవే?"

"వంక పెడ్తలేనత్తా. వంకకే పోతున్న."

సాయంత్రానికల్లా ఈ ముచ్చట బోరింగు కాడికి చేరింది. "మా కోడలి సక్కదనం సూడుండ్రి" అని మా అత్త ఆడవాళ్ళందరికీ చెప్పింది. "వంక పెట్టి పోదంట. సీదా వంకకే పోతదంట." నేనప్పుడు బడికి పోయే పిల్లను. బిందె పట్టుకుని నేనూ నవ్వాను, అందరూ నవ్వారని.

పేరంటే పేరే కదా అనుకుంటారు. కాదు. కోడలికి వంకల బుజ్జమ్మ అని పేరు పడ్డాక ఇక ఆమె ఏం చెప్పినా ఎవరూ నమ్మరు. తలనొప్పి అంటే, ఇగో వంకలు మొదలైనయి అనేవాళ్ళు. పుట్టింటి నుంచి కబురొచ్చిందంటే, మంచి వంకనే దొరికింది అనేవాళ్ళు. కూతురు సుమన కడుపులో ఉన్నప్పుడు నొప్పులొస్తే మా అత్త గడపలో నిలబడి, "నిజంగనేనా, వంకనా?" అని అడిగింది. ఆ విచారణ పూర్తయ్యేసరికి దవాఖానకు పోయే టైం లేదు. సుమన జీపులోనే పుట్టింది. ఇది చెప్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు, అందుకే ఇక్కడితో ఆపుతున్నాను.

ఆ తర్వాత బుజ్జమ్మ ఆ మాటను విడిచిపెట్టింది. ఒర్రె అనడం నేర్చుకుంది, అదీ మాకంటే గట్టిగా. ఆ ర మీద ఎంత బరువు పెట్టేదంటే వినేవాళ్ళకు పళ్ళు జివ్వుమనేవి. సుమన చిన్నప్పుడు ఒకసారి అమ్మమ్మ ఊరికి పోయొచ్చి, "అమ్మా, మేం వంకల ఆడుకున్నం" అంది. బుజ్జమ్మ దాని నోటి మీద ఒక్కటి వేసింది. "ఒర్రె అను" అంది. పిల్ల ఏడుస్తూ ఒర్రె అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో నీళ్ళున్న వంక లేదు.

బుజ్జమ్మకు ఒకే తమ్ముడు, తిరుపతి. ఇతను మాత్రం నిజంగా వంకల మనిషే, మా ఊరి అర్థంలో. రమ్మంటే బర్రె ఈనేటట్టుంది అనేవాడు. ఆ బర్రె ఒకే ఏడాదిలో మూడుసార్లు ఈనింది. పందులు చేన్లో పడ్డాయనేవాడు, చేను కౌలుకిచ్చిన తర్వాత కూడా. అయినా అక్కంటే ప్రాణం. వస్తే మాత్రం సంచి నిండా వేరుశెనక్కాయలు తెచ్చేవాడు. అక్క తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేవాడు, తను ఒక్కటి కూడా ఒలుచుకోకుండా.

సుమన పెళ్ళి నాలుగేళ్ళ కిందట శ్రావణంలో జరిగింది. మా పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురిని మేనమామ గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి ఎత్తుకొస్తాడు. ఆ గంప కూడా మేనమామే తేవాలి. తిరుపతి ముందురోజే రావాల్సింది. గంప అల్లుతున్నారు, పొద్దున్నే వస్తానన్నాడు. పొద్దున మా బావ ఫోన్ మోగింది. ఆయన విని, జేబులో పెట్టుకుని, లోపల పిల్లకు పసుపు పూస్తున్న బుజ్జమ్మ దగ్గరికొచ్చాడు.

"నీ తమ్మునికి వంకొచ్చిందంట. వస్తలేడంట."

పందిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. "ఉన్నదున్నట్టు చెప్పిండు, మంచోడే" అన్నారు ఇంకెవరో. బుజ్జమ్మ చేతుల నుంచి పసుపు కారుతోంది. "పప్పు మీద మూత పెట్టుండ్రి, ఈగలు పడ్తయి" అని మాత్రం అంది. పక్క వీధిలో వరసకు తమ్ముడయ్యే ఒకతన్ని పట్టుకొచ్చి ఇంట్లో ఉన్న గంపే చేతికిచ్చారు. అతనికి నడుంనొప్పి. పిల్లను సగం దూరంలో దించేసి, మిగతా సగం నడవమన్నాడు. సుమన తన పెళ్ళికి తనే నడిచిపోయింది. బుజ్జమ్మ అది చూసింది.

పదిహేను రోజులకు తిరుపతి వచ్చాడు, పెళ్ళికూతురి చీర, ఒడిబియ్యం పట్టుకుని. బుజ్జమ్మ తలుపు వేసుకుంది. "ఇంట్ల లేనని చెప్పు" అని లోపలి నుంచి నాకు ఎంత గట్టిగా చెప్పిందంటే, నేను మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది. అతను అరుగు మీద కూర్చున్నాడు.

"వంకొచ్చిందని చెప్పిన గదక్కా" అన్నాడు తలుపుతో.

అదే మాట మళ్ళీ అనేసరికి ఆమెకు ఇంకా మండింది. "సిగ్గు లేకుంట మల్ల అదే చెప్తుండు సూడు" అంది. నేను కూడా, ఎంత ధైర్యం మనిషికి అనుకున్నాను. అతను ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా కూర్చుని, సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట నుంచి అక్కా తమ్ముళ్ళకు మాటల్లేవు. ఆమె అతని పేరు ఎత్తలేదు. వేరుశెనక్కాయలు కూడా ఇంట్లోకి రానివ్వలేదు, ఎవరు తెచ్చినా సరే.

ఈ ఏడు శ్రావణంలో తిరుపతి కూతురు మానస పెళ్ళి. పెళ్ళిపత్రిక మా బావ ఫోన్‌కు వచ్చింది. బుజ్జమ్మ చూడనంది. మరుసటి రోజు ఆ పిల్లే ఫోన్ చేసింది.

"అత్తా, మేనత్త చెయ్యి పెట్టంది మన దాంట్ల నలుగు పెట్టరు. నువ్వు రాకుంటె నేను నలుగుకు కూసోను. పెండ్లి ఆగితె ఆగని."

బుజ్జమ్మ ఫోన్ పెట్టేసింది. తర్వాత నాతో, "పిల్ల కోసం పోత. వానితోని మాట్లాడ. నువ్వు నా ఎంట రా, నడుమ మాట్లాడనీకి మనిషి కావాలె" అంది. మా బావకు మోకాళ్ళ నొప్పులు. అందుకని మధ్యవర్తి పని నాకు పడింది.

వనపర్తి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి గద్వాలకు ఒకటి. ఆధార్ కార్డులు చూపించి ఉచితంగానే ఎక్కాం, ఉచితం కాబట్టి నిలబడే పోయాం. బీచుపల్లి దగ్గర కృష్ణ నిండుగా ఉంది. బుజ్జమ్మ కిటికీ పక్కన కూర్చున్న మనిషి మీది నుంచి వంగి ఒక రూపాయి నీళ్ళల్లోకి విసిరింది. ఆ మనిషి ఏదో అనబోయాడు, ఆమె మొహం చూసి మానుకున్నాడు. గద్వాలలో వాన మొదలైంది. గట్టు పోయేసరికి వాన మాకంటే ముందే పోయి పడుతోంది.

గట్టులో ఆటో ఎక్కాం. డ్రైవర్ పేరు మధు అని అద్దం మీదే రాసి ఉంది. ఊళ్ళో దింపుతానన్నాడు. ఊరు ఇంకా కూతవేటు దూరం ఉందనగా ఆటో ఆపాడు.

"అమ్మా, ఈడికే. ముందట వంకొచ్చింది."

నాకు పొద్దున్నుంచి టీ లేదు. "ఏం వంకయ్యా నీకు? ఎక్కేటప్పుడు ఊర్ల దింపుత అంటివి గద. రానంటె రానని చెప్పు, నడుమ వంకలెందుకు?"

"నాకు రాలేదమ్మా. ఊరికొచ్చింది."

"ఊరికి వంక వచ్చుడేందయ్యా! తమాష చేస్తున్నవా?"

"పొద్దుగాలనే వచ్చిందమ్మా. పైన వాన బాగ పడ్డది."

నేను ఇంకో నాలుగు అంటించడానికి ఊపిరి పీల్చుకున్నాను. బుజ్జమ్మ నా మణికట్టు పట్టుకుంది. గాజులు విరిగేటంత గట్టిగా పట్టుకుంది.

"రేణుకా, జర ఆగు." ముందుకు వంగి డ్రైవర్‌ను అడిగింది. "ఏమొచ్చిందన్నవు?"

"వంకమ్మా."

"మల్ల చెప్పు."

అతను ఆమెనూ, నన్నూ మార్చి మార్చి చూశాడు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ పిచ్చో అతనికి తేలలేదు. "వంకొచ్చిందమ్మా" అన్నాడు మెల్లగా.

బుజ్జమ్మ ఆటో దిగింది. గొడుగు నా దగ్గరే ఉండిపోయింది. వానలో అట్లాగే నడుస్తోంది, నేను వెనక పరుగెత్తాను.

"వంక పెడ్తరు, చెప్తరు, దొరుకుతది" అంటోంది తనలో తాను. "వచ్చుడు యాడన్న ఉంటదా రేణుకా? సాకు వస్తదా? వచ్చేది నీళ్ళే గద."

నాకు అప్పటికే అర్థమైంది. ఆ రోజు మా పందిట్లో అంతమంది ఉన్నాం. వంక రావడమేమిటని ఒక్కళ్ళకూ తట్టలేదు. మాకు తట్టకపోవడం సరే, మాకు ఆ మాట రాదు. ఆమెకు వచ్చు. ఆమెకే తట్టలేదు.

దారి నీళ్ళల్లోకి దిగి మాయమైంది. ఎర్రటి నీళ్ళు, తుమ్మకొమ్మలు, ఎవరిదో ఒక ప్లాస్టిక్ కుర్చీ. కింద చిన్న వంతెన ఉందట, దాని పక్క రాళ్ళ తలలు మాత్రం తేలుతున్నాయి. ఎంత వెడల్పని అడిగితే, ఎండాకాలంలో మేక కూడా లెక్కచెయ్యదు. అవతలి ఒడ్డు మీద ఊరు, పెళ్ళి మైకులో పాట. గొడుగులు పట్టుకుని జనం నీళ్ళు చూస్తున్నారు. వాళ్ళలో ఒకామె బుజ్జమ్మను గుర్తుపట్టి ఊళ్ళోకి పరుగెత్తింది.

ఇట్లాంటివి ఎంత వేగంగా వస్తాయో అంత వేగంగా పోతాయి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నీళ్ళు మోకాళ్ళకు దిగాయి, మేం దాటాం, నలుగు జరిగింది. ఆ సంగతికి ఎవరూ పరేషాన్ కావద్దని ముందే చెప్తున్నాను. కానీ నేను చెప్పాలనుకున్నది ఆ మధ్యాహ్నం సంగతి.

తిరుపతి వచ్చాడు. కొత్త పంచె, భుజం మీద తువ్వాలు. బాగా చిక్కిపోయాడు. అవతలి అంచున నిలబడి రెండు చేతులూ ఊపాడు.

"అక్కా! ఆడ్నే ఉండు! దిగొద్దు!"

మాట్లాడనన్న మనిషి నా వైపు చూడలేదు, మధ్యవర్తి పని నాకు లేకుండా పోయింది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని అరిచింది.

"తిరుపతీ! సుమన పెండ్లినాడు వచ్చింది గిదేనా?"

"ఏందీ?"

"సుమన పెండ్లినాడు! గిదేనా వచ్చింది?"

"గిదే గద! ఈడ ఇంకేమొస్తదక్కా?" అతను చెయ్యి మెడకు అడ్డంగా పెట్టి చూపించాడు. "ఈడి దాంక! గంప నెత్తిన పెట్టుకొని దిగిన! నడుమల కాలు జారింది! ఇద్దరు పగ్గమేసి గుంజిండ్రు! గంప పాయె!"

బుజ్జమ్మ నోరు తెరిచి అట్లాగే ఉండిపోయింది. వాన నోట్లో పడుతోంది.

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్పిన గదక్కా!" అన్నాడు. "బావకు చెప్పిన, నీ తలుపుకు చెప్పిన! వంకొచ్చిందంటె నీకు అర్థం కాదా? మనమిద్దరం ఈత నేర్సుకున్నది దీంట్లనే గద! నీకు దాని గురించి ఇంకేం చెప్పాలె నేను?"

మైకులో పాట ఒక్కటే నడుస్తోంది, అదీ హుషారు పాట.

"మర్చిపోయినరా" అంది బుజ్జమ్మ. అరవలేదు, మామూలుగా అంది. నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. "మన మాట నేను మర్చిపోయిన." ఆ బురదలోనే కూలబడింది. పట్టుచీర, నాలుగేళ్ళుగా ఈ పెళ్ళికే దాచిందేమోనని నాకు అనుమానం, ఎర్రగా అయిపోయింది. నేను పక్కన కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలియక గొడుగు ఆమె మీద పట్టాను. ఇద్దరం అప్పటికే తడిసి ముద్దయి ఉన్నాం.

అవతల నుంచి అతనికి అక్క కూలబడడం కనపడింది. ఎందుకో తెలియదు. పడిపోయిందనుకున్నాడు. తువ్వాలు తీసి పక్కనున్నవాడి చేతిలో పెట్టి, పంచె ఎగ్గట్టి నీళ్ళల్లోకి కాలు పెట్టాడు. వెనక నుంచి ఇద్దరు చొక్కా పట్టుకున్నారు. అతను విదిలించుకుని రెండో కాలు కూడా పెట్టాడు. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. మనిషి పక్కకు ఊగాడు.

బుజ్జమ్మ ఎట్లా లేచిందో నేను చూడలేదు. నీళ్ళ అంచుకు పోయి నిలబడి ఉంది. గొంతు చీరుకుపోయేటట్టు అరిచింది.

"దిగకురా! వంకొచ్చింది, కండ్లు కనపడ్తలెవ్వా!"

అతను ఆగిపోయాడు. తొడల దాకా వస్తున్న నీళ్ళల్లో నిలబడి, అక్కను చూశాడు. వెనకవాళ్ళు ఈలోపు అతని రెండు చేతులూ దొరకబుచ్చుకుని ఒడ్డుకు లాగారు. మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నది వాననో ఇంకోటో ఇక్కడి నుంచి తెలియదు.

"ఏమొచ్చిందక్కా?" అని అరిచాడు. "మల్ల చెప్పు!"

"వంకరా!" అంది బుజ్జమ్మ. ఏడుస్తోంది. "వంక, వంక!"